ఇంజిన్ వెనకాల ఉండే బండి: నీలగిరి ఆవిరి ఇంజిన్లను ఫొటో తీయడంలో చిక్కులు

పొగబండి ఫొటో అనగానే అందరి కళ్ల ముందూ ఒకటే బొమ్మ మెదులుతుంది. ముందు నల్లటి ఇంజిన్, దాని గొట్టం మీంచి వెనక్కి వాలిన పొగ, ఆ పొగ కింద వంపు తిరుగుతున్న పెట్టెలు. నేను మొదటిసారి తమిళనాడులోని మెట్టుపాళయం వెళ్లింది ఆ బొమ్మ కోసమే. పొద్దున్నే బయల్దేరి, కొండ ఎక్కే దారిలో బండి కనబడే చోటు ఒకటి చూసుకుని, చాలాసేపు కాచుకుని కూర్చున్నాను. చప్పుడు లోయలోంచి దగ్గరవుతూ వచ్చింది. వంపులోంచి ముందుగా బయటికొచ్చింది మాత్రం ఇంజిన్ కాదు, పెట్టె. ఆ పెట్టె ముందున్న చిన్న వసారాలో ఒకాయన పచ్చజెండా పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెట్టెలన్నీ నా ముందు నుంచి వెళ్లిపోయాక, అన్నిటికంటే చివర, ఆవిరి కక్కుతూ ఇంజిన్ వచ్చింది. నా ఫోకస్ అప్పటికింకా మొదటి పెట్టె దగ్గరే ఉంది.

ఆ మధ్యాహ్నం మెట్టుపాళయంలో ఒక టీ కొట్టు దగ్గర కూర్చుని ఫొటోలు చూసుకుంటుంటే, కొట్టు పెద్దాయన తెలుగులో పలకరించాడు. కోయంబత్తూరు చుట్టుపక్కల తరతరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల తెలుగు మన చెవికి కొంచెం వేరుగా వినబడుతుంది, కానీ తెలుగే. నేను జరిగింది చెబితే ఆయన, "ముందు పక్కన ఏముంది నాయనా, ఇంజిన్ వెనకాల కదా వచ్చేది" అన్నాడు. ఆ ఒక్క మాట చుట్టూ మిగతాదంతా అర్థం చేసుకోవడానికి నాకు మరి మూడు ప్రయాణాలు పట్టింది. ఈ బండిని ఫొటో తీయడం కెమెరాతో మొదలయ్యే పని కాదు. ఇంజిన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే, ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు నొక్కాలో అదే చెబుతుంది.

ఇంజిన్ వెనక ఎందుకు?

నీలగిరి పర్వత రైల్వే మెట్టుపాళయం నుంచి ఊటీకి వెళ్లే మీటర్ గేజ్ దారి, అంటే రెండు పట్టాల మధ్య ఎడం ఒక మీటరు. పొడవు సుమారు 46 కిలోమీటర్లు. సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తులో మొదలై 2,203 మీటర్లకు చేరుతుంది. దారిలో 208 వంపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు. 1854లో మొదటి ప్రతిపాదన వచ్చింది, పని మొదలైంది మాత్రం 1891లో. దారి మధ్యలో ఉన్న కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో బండి నడిచింది. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

ఈ దారిలో కల్లార్ నుంచి కూనూరు దాకా ఉన్న ముక్క అసలైన కొండ. సుమారు 19 కిలోమీటర్లు. వాలు కొన్నిచోట్ల పన్నెండు అడుగులకు ఒక అడుగు. ఇంత వాలులో ఇనప చక్రం ఇనప పట్టా మీద పట్టు దొరక్క జారుతుంది. అందుకని రెండు పట్టాల మధ్యలో పళ్లున్న ఇనప బద్దీలు రెండు పక్కపక్కనే వేశారు. ఇంజిన్ కడుపు కింద ఉన్న పళ్ల చక్రాలు ఆ పళ్లను పట్టుకుని ఎక్కుతాయి. ఒక బద్దీలో పన్ను ఉన్న చోట రెండో దానిలో సందు ఉంటుంది కాబట్టి, పట్టు ఏ క్షణంలోనూ పూర్తిగా తప్పిపోదు. ఈ పద్ధతిని కనిపెట్టింది రోమన్ ఆప్ట్ అనే స్విస్ ఇంజినీరు. మన దేశంలో పళ్ల పట్టా మీద నడిచే రైలు ఇదొక్కటే.

ఇక ఇంజిన్ ఎప్పుడూ పల్లం వైపే ఉంటుంది. కొండ ఎక్కేటప్పుడు పెట్టెలను వెనక నుంచి తోస్తుంది, దిగేటప్పుడు ముందుండి ఆపుతూ వస్తుంది. కారణం సులువు. ఇంజిన్ ముందుండి లాగుతుంటే, ఎక్కడైనా లింకు తెగితే పెట్టెలు వెనక్కి దొర్లిపోతాయి. ఇంజిన్ కిందివైపు ఉంటే అదే అడ్డు. డ్రైవర్‌కి ముందున్న దారి కనబడదు కాబట్టి, మొదటి పెట్టె వసారాలో బ్రేక్స్‌మన్ నిలబడి జెండాతో దారి చూపిస్తాడు. ప్రతి పెట్టెకీ చేతి బ్రేకు పట్టుకుని ఒక మనిషి ఉంటాడు.

ఫొటో తీసేవాళ్లకు ఇక్కడే పెద్ద చిక్కు. ఎక్కేటప్పుడు ఇంజిన్ బలమంతా పెట్టి పనిచేస్తుంది, పొగ, ఆవిరి, చప్పుడు అన్నీ అప్పుడే, కానీ అది బండి చివర ఉంటుంది. దిగేటప్పుడు బండికి ముందు ఉంటుంది, కానీ అప్పుడు దాని పని లాగడం కాదు, ఆపడం. గొట్టంలోంచి ఆ జోరు రాదు. ఇంజిన్ ముందుంటే పొగ ఉండదు, పొగ ఉంటే ఇంజిన్ ముందుండదు. మనం తలలో పెట్టుకుని వెళ్లిన ఫొటో ఈ కొండ మీద లేనే లేదు.

ఈ సంగతి తెలిశాక నాకు మొదట దిగులేసింది. తర్వాత మ్యాపు ముందేసుకుని చూస్తే ఇంకో సంగతి కనబడింది. కూనూరు మెట్టుపాళయానికి దాదాపు పడమర దిక్కున ఉంది. బండి పొద్దున ఏడు దాటాక బయల్దేరి పడమరకు ఎక్కుతుంది. సూర్యుడు తూర్పున, అంటే బండి వెనక ఉంటాడు. వంపుల్లో దిక్కులు మారుతూనే ఉంటాయి గానీ, మొత్తమ్మీద పొద్దుటి వెలుగు పడేది బండి వెనక భాగం మీదే, అంటే ఇంజిన్ మీదే. మధ్యాహ్నం దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. బండి తూర్పుకు వస్తుంటుంది, సూర్యుడు పడమట వాలుతుంటాడు, ముందున్న ఇంజిన్ తన నీడలో తానే ఉంటుంది. వెలుగూ ఆవిరీ రెండూ ఒకే చోట కలిసేది పొద్దుటి ఎక్కుడులో, బండి మనల్ని దాటి వెళ్లిపోయాక వెనక నుంచి చూసినప్పుడు. టీ కొట్టు పెద్దాయన అన్నమాట అక్షరాలా నిజం.

ఆవిరి ఎక్కడ కనబడుతుంది, ఎక్కడ కనబడదు

మనం పొగ అనుకునే తెల్లటి మేఘంలో పొగ కొంచెమే, మిగిలినదంతా నీరు. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు వచ్చేదాని లాంటిదే. నిజమైన ఆవిరి కంటికి కనబడదు. అది గాలి తగిలి చల్లబడి సన్నటి నీటి తుంపరగా మారితేనే తెల్లగా కనబడుతుంది. ఇంజిన్ గట్టిగా పనిచేస్తున్నప్పుడు గొట్టం అంచునూ, తెల్లమేఘం మొదలయ్యే చోటునూ జాగ్రత్తగా చూడండి, మధ్యలో కొంచెం ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఉన్నదే అసలు ఆవిరి.

దీన్నిబట్టి ఫొటోకి పనికొచ్చే విషయం ఒకటి తేలుతుంది. గాలి ఎంత చల్లగా, ఎంత తేమగా ఉంటే మేఘం అంత పెద్దదవుతుంది, అంతసేపు నిలుస్తుంది. ఎండ ముదిరాక అదే ఇంజిన్, అదే వాలు, అదే బొగ్గు, కానీ మేఘం గొట్టం దాటగానే కరిగిపోతుంది. జనవరి, ఫిబ్రవరి పొద్దుటి చలిలో దొరికేది మే నెల పదకొండింటికి దొరకదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం ఈ కొండల మీద గట్టిగా కురుస్తుంది. కొండచరియలు విరిగి పట్టాల మీద పడి సర్వీసు ఆగిపోవడం మామూలే. ఆ నెలల్లో సెలవు పెట్టి, టికెట్ బుక్ చేసుకుని వెళ్తే టెన్షన్ తప్పదు.

నల్లటి పొగ సంగతి వేరు. బొగ్గు సరిగ్గా కాలకపోతే వచ్చేది అది. ఫొటోలో బలంగా కనబడుతుంది కాబట్టి చాలామందికి అదే కావాలి. కొందరు సిబ్బందిని అడిగి మరీ పొగ పెట్టించుకోవాలని చూస్తారు. నా అభిప్రాయం గట్టిగా చెబుతాను, అది అడగకూడదు. మంట చక్కగా మండితేనే ఫైర్‌మన్, అంటే ఇంజిన్లో మంట చూసుకునే మనిషి, పనితనం. పొగ తక్కువగా ఉండి, ఆవిరి తెల్లగా ఎగసిపడుతున్న ఇంజిన్ ఆయన పనిని చూపిస్తుంది. ఇప్పుడు కంప్యూటర్లో నల్లపొగ అతికించిన ఫొటోలు కూడా వస్తున్నాయి. దిగే బండికి ముందు గొట్టంలోంచి ఆకాశమంత పొగ పెట్టిన ఫొటో ఒకటి చూశాను. చూసినవాళ్లకు ఆ ఇంజిన్ ఏం చేస్తోందో తప్పుగా చెబుతుంది అది. వందేళ్ల యంత్రానికి అలాంటి అన్యాయం చేయకూడదు.

నలుపూ తెలుపూ ఒకే ఫ్రేములో

కెమెరాలో వెలుగును కొలిచే మీటరుకు ఎదురుగా ఉన్నది ఏమిటో తెలియదు. ఏది చూపించినా అది మధ్యస్థమైన బూడిద రంగని అనుకుంటుంది. ఫ్రేము నిండా నల్లటి ఇంజిన్ ఉంటే, చీకటిగా ఉందని భ్రమపడి వెలుగు ఎక్కువ తీసుకుంటుంది. ఇంజిన్ బూడిద పూసినట్టు వెలవెలబోతుంది, పక్కనున్న ఆవిరి సున్నం కొట్టిన గోడలాగా ఏ మడతా లేకుండా తెల్లబారిపోతుంది. ఒకసారి అలా తెల్లబారితే తర్వాత ఎంత దిద్దినా ఆ మేఘం తిరిగి రాదు. నా మొదటి ప్రయాణంలో మంచి ఫొటోలు చాలావరకు అలాగే పోయాయి.

అందుకని ఆవిరిని కాపాడుకునేలా వెలుగు తగ్గించుకోవాలి. కెమెరాలో ముప్పావు స్టాపో ఒక స్టాపో (ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది) మైనస్‌లో పెట్టి, రా ఫైలు (కెమెరా దిద్దకుండా ఉంచే ఫైలు) తీసుకుంటే, నీడలో ఉన్న చక్రాలూ రాడ్లూ తర్వాత పైకి తెచ్చుకోవచ్చు. ఫోనుతో తీసేవాళ్లు స్క్రీన్ మీద తెల్లటి ఆవిరి దగ్గర వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగితే చాలు. ఫ్రేము నిండా మంచో ఆవిరో ఉన్నప్పుడు మాత్రం ఇది తిరగబడుతుంది. అప్పుడు కెమెరా వెలుగు తగ్గించేస్తుంది, మనం పెంచాలి.

ఎదురెండ గురించి ఒక మాట. ఆవిరికి వెనక నుంచి వెలుగు తగిలితే లోపల దీపం పెట్టినట్టు మెరుస్తుంది. ముందు నుంచి తగిలితే దూదిలాగా చదునుగా ఉంటుంది. ఇంజిన్ బొమ్మ కావాలంటే సూర్యుడు మన వెనక ఉండాలి, ఆవిరి బొమ్మ కావాలంటే సూర్యుడు ఎదురుగా ఉండాలి. రెండూ ఒకే ఫొటోలో కావాలని పట్టుబట్టకుండా, ఆ రోజు ఏది తీయాలో ముందే అనుకుంటే మేలు.

షట్టర్ వేగం దగ్గర ఈ బండి మనకు దయగా ఉంటుంది. పళ్ల పట్టా మీద దాని వేగం గంటకు 13 కిలోమీటర్లకు మించదు. అంటే సెకనుకు మూడున్నర మీటర్ల పైచిలుకు. 125వ వంతు సెకనులో బండి దాదాపు 3 సెంటీమీటర్లు కదులుతుంది, 500వ వంతులో 1 సెంటీమీటరు కూడా కదలదు. కొంచెం దూరం నుంచి తీస్తే 250 చాలు. పరిగెత్తే బండ్లకు అలవాటుపడినవాళ్లు 2000 దాకా పెడుతుంటారు, లోయ నీడలో అది ఫొటోలో అనవసరంగా గ్రెయిన్ (ఇసక చల్లినట్టు చుక్కలు) తెచ్చిపెడుతుంది.

రాడ్ల విషయంలో చిన్న కిటుకు ఉంది. చక్రాలను కలిపే రాడ్డు తిరుగుడులో కిందికి వచ్చిన క్షణంలో ఫొటో తీస్తే అందంగా ఉంటుందని పాతకాలం నుంచి రైల్వే ఫొటోగ్రాఫర్లు చెబుతారు. చక్రాల ఆకులు అడ్డు లేకుండా కనబడతాయి. అందంతోపాటు లెక్క కూడా ఉంది. కింద ఉన్నప్పుడు రాడ్డు ఇంజిన్‌తో పోలిస్తే వెనక్కి కదులుతుంటుంది, కాబట్టి నేలతో పోలిస్తే దాని వేగం బండి కంటే తక్కువ. పైన ఉన్నప్పుడు బండి కంటే ఎక్కువ. అందుకే తక్కువ షట్టర్‌లో కూడా కింది రాడ్డు స్పష్టంగా వస్తుంది, పైకెళ్లిన రాడ్డు చెదిరిపోతుంది.

ఎక్కడ నిలబడాలి

పట్టాల మీద మాత్రం కాదు. రైల్వే చట్టంలోని 147వ సెక్షన్ ప్రకారం రైల్వే స్థలంలోకి అనుమతి లేకుండా వెళ్తే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. శిక్ష సంగతి పక్కన పెట్టినా, ఎక్కే బండి చివర ఇంజిన్ ఉంటుంది కాబట్టి ముందు పెట్టె నిశ్శబ్దంగా వచ్చేస్తుంది. చప్పుడు దూరంగా ఉందని మనం నమ్మి మోసపోతాం. సొరంగాల దగ్గరా వంతెనల మీదా పక్కకు తప్పుకోవడానికి చోటు ఉండదు. కల్లార్ చుట్టుపక్కల ఏనుగులు తిరిగే దారి, ఒంటరిగా అడవిలోకి దిగడం ప్రమాదం. వ్యాపారానికి వాడే ఫొటోలైతే రైల్వే అనుమతి కావాలి. డ్రోను అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

స్టేషన్లలో, రోడ్డు మీద నుంచి, బండిలోంచి తీసినా కావలసినన్ని ఫొటోలు దొరుకుతాయి. మెట్టుపాళయం దాటగానే భవానీ నది మీద వంతెన ఉంది. దారిలో హిల్‌గ్రోవ్ స్టేషన్‌లో ఇంజిన్ నీళ్లు తాగడానికి ఆగుతుంది. అక్కడ దిగి దగ్గరగా చూసేంత తీరిక ఉంటుంది, కోతుల నుంచి లెన్సు మూత కాపాడుకోవాలి అంతే. కూనూరు స్టేషన్ పక్కనే లెవెల్ క్రాసింగ్ ఉంది, ఇంజిన్లు ఉండే లోకో షెడ్డు కూడా కూనూరులోనే. కూనూరు నుంచి ఊటీకి మామూలుగా లాగేది డీజిల్ ఇంజిన్. ఆ ముక్కకే టికెట్ దొరికి, ఆవిరి ఇంజిన్ వస్తుందని ఎదురుచూసి నిరాశపడేవాళ్లను నేను చూశాను.

బండిలో కూర్చుని తీయాలంటే నా మాట వినండి, ఇంజిన్‌కి దూరంగా ఉండే ముందు పెట్టె మంచిది. వంపు తిరిగిన ప్రతిసారీ కిటికీలోంచి వెనక్కి చూస్తే బండి మొత్తం, దాని చివర ఇంజిన్, దాని పైన ఆవిరి ఒకే వరసలో కనబడతాయి. మొదట చెప్పిన ఆ బొమ్మకు ఈ కొండ మీద దొరికే సరైన రూపం ఇదే, వెనక్కి తిప్పి చూడాలి, అంతే తేడా. చెయ్యీ తలా బయట పెట్టకుండా తీయండి. రాతి గోడలు పెట్టెకు చాలా దగ్గరగా ఉంటాయి.

ఏది పాతది, ఏది కొత్తది

ఇక్కడి ఇంజిన్లను ఎక్స్ క్లాస్ అంటారు. స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్ ఊళ్లో ఎస్ఎల్ఎం కంపెనీ చేసింది. మొదటివి 1914కీ 1925కీ మధ్య వచ్చాయి, ఇంకో ఐదు 1952లో. ఆ ఐదింటి నంబర్లు 37391 నుంచి 37395 దాకా. తర్వాత కొన్నింటిని బొగ్గు నుంచి నూనె మంటకు మార్చారు. ఇక 37396 నుంచి మొదలయ్యేవి స్విస్ ఇంజిన్లు కావు, తిరుచిరాపల్లి పొన్మలై వర్క్‌షాపులో మనవాళ్లు అదే నమూనాలో కొత్తగా కట్టినవి. ఫొటో కింద "వందేళ్ల ఇంజిన్" అని రాసే ముందు నంబరు చూడాలి. కొత్తదైతే చిన్నతనమేమీ కాదు. వందేళ్ల నాటి నమూనాలో ఇంజిన్‌ని ఇప్పుడు మళ్లీ కట్టగలిగిన చేతులు మన దేశంలో ఉన్నాయంటే నాకు గర్వంగా ఉంటుంది. అయితే నిజం నిజంలాగే రాయాలి. నూనెతో నడిచే ఇంజిన్ క్యాబ్ ముందు నిలబడి, పారతో బొగ్గు వేసే ఫైర్‌మన్ ఫొటో కోసం చూసినా దొరకదు.

మన గుంతకల్లు ఒకప్పుడు మీటర్ గేజ్‌కు పెద్ద కేంద్రం. అక్కడ తిరిగిన వైపీ, వైజీ ఇంజిన్లు కూడా ఈ గేజ్‌వే. అవన్నీ పోయాయి. మామూలు సర్వీసులో ఉన్న మీటర్ గేజ్ ఆవిరి ఇంజిన్‌ని దగ్గరగా చూడాలంటే తెలుగువాళ్లకు అందుబాటులో ఉన్న చోటు ఇదే. అందుకే నంబర్లూ, ప్లేట్లూ, బోల్టులూ, ఫైర్‌మన్ చేతి గుడ్డా అన్నీ తీసి పెట్టుకోమని వెళ్లే ప్రతి ఒక్కరికీ చెబుతాను. సిబ్బంది ముఖాలు తీసే ముందు మాత్రం ఒక్క మాట అడగండి. తమిళం రాకపోయినా "అణ్ణా" అని పిలిచి కెమెరా చూపిస్తే చాలు.

ఇక ఈ ఇంజిన్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. పక్క నుంచి చూస్తే సిలిండర్లు ఒకదాని మీద ఒకటి, రెండు అంతస్తుల్లో ఉంటాయి. కింది సిలిండర్‌కి బాయిలర్ నుంచి ఆవిరి పూర్తి ఒత్తిడితో వస్తుంది, అది మామూలు చక్రాలను తిప్పుతుంది. అక్కడ సగం శక్తి ఖర్చయిన ఆవిరిని వదిలేయకుండా పై సిలిండర్‌కి పంపిస్తారు, అది పళ్ల చక్రాలను తిప్పుతుంది. మెట్టుపాళయం నుంచి కల్లార్ దాకా నేల చదునుగా ఉంటుంది, పళ్ల పట్టా ఉండదు, కాబట్టి పై సిలిండర్‌కి పని లేదు. దాని రాడ్లు కదలకుండా ఊరికే ఉంటాయి. కల్లార్ దాటి పళ్ల పట్టా మొదలయ్యే చోట బండి నడక వేగానికి తగ్గుతుంది, పళ్లూ పళ్లూ కలుస్తాయి, అప్పుడు పై అంతస్తు మేలుకుంటుంది.

దీన్ని ఫొటోలో చూపించవచ్చు. కల్లార్‌కి ముందు, రోడ్డు పక్కన నిలబడి, షట్టర్ 30వ వంతుకు తగ్గించి, ఇంజిన్‌తోపాటు కెమెరాను తిప్పుతూ తీయాలి. బాయిలర్ స్పష్టంగా వస్తుంది, కింది రాడ్లు చెదిరిపోయి గీతల్లాగా వస్తాయి, పై రాడ్లు మాత్రం చెక్కినట్టు నిలిచి ఉంటాయి. తర్వాత పళ్ల పట్టా మీద అదే ఇంజిన్‌ని, అదే పక్క నుంచి, వేగం తగ్గింది కాబట్టి 15వ వంతులో తీస్తే రెండు అంతస్తులూ చెదిరి ఉంటాయి. మొదటి ఫొటో నాకు నాలుగో ప్రయాణంలో కుదిరింది. రెండోది తీస్తుండగా మంచు కమ్మేసింది. ఈ జనవరిలో దానికోసమే మళ్లీ వెళ్తున్నాను.